పెట్టె బాగలేదు

పులికాట్ ఒడ్డున, తడకు దగ్గరి ఊరు. ఆదిశేషమ్మ ఇంటి వసారాలో తల్లీ కొడుకూ.

"కళ్ళు మూసుకోని ఇంకోసారి విను."

"విన్నా. బాగలేదు."

"ఏం బాగలేదో చెప్పు."

"మొత్తం బాగలేదు. ఆ పెట్టె తీసుకపోయి అమ్మినోడి మొహాన కొట్టిరా."

"అమ్మినోడు చెన్నైలో ఉండాడు."

"అయితే నీళ్ళలో పారెయ్. గడప దాటితే నీళ్ళే గదా."

"అమ్మా, చౌకదే, నేను కాదనను. అగ్గిపెట్టె అంత ఉండాది. చేతిలో పెట్టుకుంటే నాకే నమ్మకం కలగలేదు. అందుకే తిమోతి అన్న దగ్గరికి తీసుకపోయినా. చర్చి మైకు సెట్టంతా ఆయన చేతిమీదే గదా నడిచేది. క్యాసెట్ ఆడే డెక్కు ఇచ్చినాడు, ఈ హెడ్‌ఫోను ఇచ్చినాడు. కూర్చోని విని ఏమన్నాడో తెలుసా?"

"నాకెందుకు."

"'పెద్ద స్టూడియోల్లో వాడే దానికీ దీనికీ నేను తేడా చెప్పలేను ముఖేషూ' అన్నాడు. క్యాసెట్లో ఏముంటే అది ఉన్నట్టు ఫోన్లోకి ఎక్కిస్తాదంట. ఒకటి కలపదు, ఒకటి తియ్యదు."

"తిమోతి మాట నాకు చెప్పబాకు. ఆదివారం వాడి మైకు కుయ్యిమంటే మన గుళ్ళో అమ్మవారు ఉలిక్కిపడతాది."

"సరే, తిమోతి వద్దు. నువ్వే చెప్పు. ఇందాక నీ అమ్మవారి పాటల క్యాసెట్ ఇదే పెట్టెలో విన్నావు గదా. ఎట్టుండె?"

"డోలు ఎక్కువైంది."

"డోలు మొదటినుంచీ ఉండాది. మన పాత సెట్టుకు దాన్ని పలికించే దమ్ము లేదు. చరణానికి ముందు పాడే ఆమె ఊపిరి పీల్చింది, వినపడిందా లేదా?"

"వినపడింది."

"తాళాలు ఎడమ చెవిలో, డోలు కుడి చెవిలో?"

"ఆఁ."

"బాగుండెనా?"

"అది బాగుండె."

"ఇప్పుడు ఇంకో పరీక్ష. అదే పాట రెండుసార్లు వేస్తా. ఒకసారి డెక్కు నుంచి నేరుగా, ఒకసారి పెట్టెలో పోసి. నీ పక్క వీపు పెట్టి నొక్కుతా, నా చెయ్యి కూడా చూడబాకు. ఏది పెట్టెదో చెప్పు. ఇది ఒకటి. ఇది రెండు. ఏది?"

"మొదటిది. మొదటిది పెట్టె. గొంతు గీరుకుపోయినట్టుంది."

"మొదటిది నేరుగా వచ్చింది. పెట్టె దాన్ని తాకనే లేదు."

"అయితే రెండోది."

"చేపల బేరమా ఇది, అటూ ఇటూ మార్చేదానికి? అదే పెట్టె, అదే వైరు, అదే హెడ్‌ఫోను. అమ్మవారు పాడితే బాగుంటాది. నాయన క్యాసెట్ పెట్టేతలికి బాగలేదంటావు."

"బాగలేదు కాబట్టి బాగలేదంటా ఉండా. మీ నాయన గొంతు అట్టుండదు."

"ఎట్టుండేది?"

"ఇంత దగ్గరగా ఉండదు."

"దగ్గరగా ఉండకూడదా? ఇన్నేళ్ళూ బావిలోనుంచి అరిచినట్టు విన్నాం. ఇప్పుడు పక్కన కూర్చోని మాట్లాడినట్టుంటే అది తప్పా? మొగుడి గొంతు ఇంత శుభ్రంగా వినపడితే ఏ ఆడదైనా ఏడస్తాది. నువ్వు పెట్టెను తిడతా ఉండావు."

"ముఖేష్, నోరు జాగర్త."

"రేపు పెద్దలు కూర్చునేది ఎందుకో తెలుసు గదా నీకు."

"తెలుసు."

"తెలిస్తే అడ్డం పడబాకు. రేపు ఎవురు ఎక్కడ వల కట్టాలో వంతులు మళ్ళీ పంచుతారు. నాయన వంతు మాల్యాద్రి మామ చేతిలో ఇంకా ఎన్నాళ్ళుండాల? నా చిన్నప్పుడు సరే. నాయన అండమాన్ పోయినాడు, ఇంట్లో వల పట్టే మొగోడు లేడు, నీ తమ్ముణ్ణి తెచ్చి పెట్టుకున్నావు. ఇప్పుడు నేనుండా. కంపెనీవాళ్ళు గేటు బయటికి తోసినారు. పడవ అద్దెకు దొరుకుతాది, వల ఉండాది. మా నాయన నీళ్ళలో వల కట్టే హక్కు ఒకటే లేదు నాకు. అడిగితే మామ ఏమంటాడు? 'నిదానంరా అబ్బయ్యా, నేను చూస్తా గదా.' పోయినసారి వంతులప్పుడూ అదే మాట. అంతకుముందూ అదే మాట. ఇంకా చూస్తానే ఉండాడు."

"చూస్తాడు. వాడు మాటంటే మాటే."

"చూడడు. తిని మరిగిన వంతు ఎవడూ వదలడు. అందుకే రేవులో అందరి ముందర దొంగ అన్నా."

"అన్నావు. చెప్పినారు నాకు. వాడు వల దులుపుకుంటా తల కూడా ఎత్తలేదంట గదా."

"ఎత్తేదానికి మొహముంటే గదా. రేపు ఎత్తిస్తా. అందరి ముందర ఈ క్యాసెట్ వేస్తా. నాయనే చెప్తాడు. విను."

'పెద్దలకు దండం. నేను పోలేరయ్యను, అండమాన్ నుంచి మాట్లాడతా ఉండా. నేను ఊరికి వచ్చే దాకా నా వంతు నా బామ్మర్ది మాల్యాద్రి వేస్తాడు. నా కొడుకు పెద్దోడైతే ఆ వంతు నా కొడుకుది. ఇది నా నోటి మాట.'

"విన్నావా? 'నా కొడుకుది.' మన ఊళ్ళో కాయితం లేదు, పట్టా లేదు. నోటి మాటే కట్టుబాటు. ఇంతకంటే ఏం కావాల?"

"ఆ మాట పెద్దలు అప్పుడే విన్నారు. ఇంకోసారి వినిపించే పని లేదు."

"అప్పుడు ఎందులో విన్నారు? చెంగయ్య పెద్దయ్య ఇంటి డొక్కు టేప్ రికార్డర్‌లో. సెట్టు బాగలేదు, గొంతు సరిగ్గా పలకలేదు అని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. మామ రేపు 'నేను అట్టా వినలేదే' అంటే? ఇందులో అయితే అక్షరం పోదు. స్పీకరుకు తగిలిస్తే చివర్లో కూర్చున్నోడికి కూడా నాయన పక్కన నిలబడి చెప్పినట్టుంటాది."

"అదేరా నేను వద్దనేది."

"ఏది?"

"ఏం లేదు. పెట్టె బాగలేదంటా ఉండా. వెనకంతా ఏందో మోత. వినలా నువ్వు?"

"మోత పెట్టెది కాదు. పెట్టెదైతే అమ్మవారి పాటల్లో కూడా రావాల. ఉండు, వెనక ఏముందో చూస్తా. హెడ్‌ఫోను ఇటియ్యి."

"అన్నం తిను ముందు. పులుసు చల్లారిపోతా ఉండాది."

"ఇటియ్యమ్మా."

"ఊరికే చెవులు పోతాయి."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే చాలు, చెవులకేం కాదు. ఉండు. గాలి కాదు ఇది. మోటారు కూడా కాదు. ఒక తీరుగా టకటక, టకటక అని... అమ్మా."

"ఏంది."

"ఇది రైలు."

"ఓడ అయి ఉంటాది. అండమాన్‌లో ఓడలు కూస్తాయి."

"ఓడ పట్టాలమీద పోతాదా? కంపెనీ షెడ్డు వెనకే రైలు లైను. ఇన్నేళ్ళు అక్కడ పనిచేసినా. గూడ్స్ బండో ఎక్స్‌ప్రెస్సో నిద్రలో లేపినా చెప్తా. ఇది గూడ్స్."

"అయితే గూడ్సే. ఏమైంది ఇప్పుడు."

"అండమాన్‌లో రైలు లేదమ్మా."

"నువ్వు చూసొచ్చినావా?"

"చిన్నపిల్లోళ్ళకు కూడా తెలుసు. సముద్రం మధ్యలో రైలెక్కడిది? ఈ క్యాసెట్ ఓడలో మద్రాసుకు వచ్చింది, అక్కడినుంచి మామ తెచ్చినాడు అని నువ్వే గదా చెప్పింది. అబద్ధం. నాయన పట్టాల పక్కన కూర్చోని మాట్లాడినాడు. సూళ్ళూరుపేట అయినా అయి ఉండాల, గూడూరు అయినా అయి ఉండాల. నాయన అండమాన్ పోలేదు."

"పోయినాడు."

"పోలేదు. ఇక్కడే, బస్సెక్కితే గంట దూరంలో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అందుకే ఆ తర్వాత ఒక్క మాట లేదు, ఒక్క మనిషి రాలేదు. నీకు తెలుసు. తెలిసి కూడా పొద్దున లేస్తే పసుపు రాసుకోని, రూపాయంత బొట్టు పెట్టుకోని సోకుగా..."

"ఆపు."

"నేను ఆ క్యాసెట్ దిండు కింద పెట్టుకోని పడుకునేవాణ్ణి. జొరమొస్తే మందు వద్దు, నాయన మాట పెట్టమని ఏడ్చేవాణ్ణి. వాడు అక్కడ ఎవతో..."

"వాడు అనబాకు. మీ నాయన్ను ఇంకోసారి వాడు అన్నావంటే పళ్ళు రాలతాయి. ఇంకో కాపురమంట. ఈ ఇంటికి తాటాకు కప్పేదానికే ఆయన కష్టం చాల్లేదు, పట్టాల పక్కన ఇంకో ఇల్లు ఎక్కడినుంచి తెచ్చేది?"

"మరి రైలేంది? చెప్పు. చెప్పలేవు. అందుకే పొద్దుటినుంచి పెట్టె బాగలేదు, పెట్టె బాగలేదు. ఇంకా చివరిదాకా నేను విననే లేదు. 'నోటి మాట' తర్వాత ఖాళీ అని ఎప్పుడూ అక్కడే ఆపేది."

"ఖాళీనే. ఆపెయ్."

"ఖాళీ కాదు. బండి దూరం పోయింది. ఎవురో కదిలినారు. గాజులు."

"ముఖేష్, ఆ వైరు పీకుతా."

"పీకు. ఫోన్లోకి ఎప్పుడో ఎక్కింది. ఆడమనిషి ఉండాది ఇక్కడ. దొరికింది. ఏదో అంటా ఉండాది, ఉండు. 'చాల్లే తమ్ముడా, ఆపు.'"

"నేను లోపలికి పోతా ఉండా."

"కూర్చో. మళ్ళీ వేస్తా. 'చాల్లే తమ్ముడా, ఆపు.' అమ్మా. ఇది నీ గొంతు."

"పెట్టె బాగలేదని చెప్తానే ఉండా."

"ఇది నీ గొంతు. నాయన నీకు తమ్ముడా?"

"అరవబాకు. గోడ అవతల నాగులమ్మ ఉండాది."

"విననీ. ఎవురు మాట్లాడింది ఇందులో?"

"తెలిసినాక అడుగుతావెందుకు?"

"నీ నోటితో చెప్పు."

"మాల్యాద్రి. నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకోని మాట్లాడినాడు. సూళ్ళూరుపేటలో వాడి స్నేహితుడి గది, పట్టాలకు ఇవతల. రైలు పోయినాక మళ్ళీ చెప్పరా అన్నా. ఆగితే ధైర్యం పోతాదని ఒక్క గుక్కలో చెప్పేసినాడు. చాలా? కడుపు నిండిందా?"

"నాయన?"

"అండమాన్ పోయినాడు. ఆ మాట అబద్ధం కాదు. మాల్యాద్రీ ఆయనా కలిసే పోయినారు, ఎవురిదో పడవలో కూలికి. పోయిన కొత్తలోనే వేటలో మీ నాయన పడవ మీదనుంచి జారినాడు. వెతికినారు. దొరకలేదు. ఆ పడవలో మన ఊరోడు మాల్యాద్రి ఒక్కడే."

"అంటే నాయన అప్పుడే..."

"అప్పుడే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకేంది, ఎవురికీ చెప్పలా. చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా? ఊళ్ళో లేని మొగోడి వంతు, ఆయన నోటి మాటుంటే ఇంకోడు వెయ్యొచ్చు. చచ్చిపోయినోడి వంతు, కొడుక్కు మీసం రాకపోతే, ఊరికి పోతాది. ఊరి నుంచి వరసలో నిలబడినోడికి పోతాది. నీకు అప్పటికి పాలపళ్ళు ఊడలేదు. వరసలో ఎంతమంది కాచుకోనుండారో నాకు తెలుసు. ఒకసారి పోయిన వంతు మళ్ళీ ఆ ఇంటికి రావడం నేను చూడలేదు. నిన్ను చంకనేసుకోని ఎక్కడికి పోయేదాన్ని? మాల్యాద్రి చీకట్లో వచ్చి ఊరి బయట కట్ట మీదికి పిలిచి చెప్పినాడు. అక్కడే తేల్చుకున్నాం, నాకు ఏడుపు రాకముందే."

"మరి ఈ బొట్టు?"

"ఇందాక అన్నావే సోకని. సోకే. బతికుండే మొగుడి పెళ్ళాన్ని గదా, పసుపు రాసుకోవాల, గాజులేసుకోవాల. చేపల గంప నెత్తిన పెట్టుకోని తడ సందుల్లో తిరుగుతా 'మా ఆయన అండమాన్‌లో ఉండాడు' అని నవ్వతా చెప్పాల. కొడుకుండీ ఆయనకు ఇంతవరకు గుక్కెడు నీళ్ళు వదిలినోళ్ళు లేరు. దినం పెట్టినోళ్ళు లేరు. అంతా నీ వంతు కోసరం."

"మామ చెప్పొచ్చు గదా. రేవులో అంత మాటన్నా, అప్పుడైనా చెప్పొచ్చు గదా."

"నీకా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్ళి చేసుకోకుండా నీ వంతు కాసినాడు వాడు. పట్టిన చేప పట్టినట్టు తెచ్చి నా గంపలో పోసినాడు. 'నా కొడుకు పెద్దోడైతే వంతు నా కొడుకుది' అనే మాట నేను చెప్పమన్లేదు. వాడే కలిపినాడు. వాడు కలిపిన మాటతోనే రేపు వాడి గొంతు కోద్దామని పెట్టె కొనుక్కొచ్చినావు నువ్వు."

"మరి నా వంతు నాకిచ్చేదానికి ఎందుకు నాన్చినాడు?"

"ఇవ్వాలంటే తండ్రి వచ్చి ఇవ్వాల. లేకపోతే తండ్రి పోయినాడని చెప్పాల. పోయినాడంటే ఎప్పుడంటారు. ఎప్పుడో చెప్తే క్యాసెట్లో మాట్లాడిందెవురంటారు. పెద్దలను మోసం చేసినోళ్ళకు మన ఊళ్ళో ఏం జరుగుతాదో తెలుసు గదా? వంతు పోతాది, ఊళ్ళో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. వాడు దానికే దారి వెతుక్కుంటా ఉండాడు. ఈలోపల నువ్వు తయారైనావు. మాల్యాద్రి గొంతు ఊరంతా రోజూ రేవులో వినే గొంతు. ఆ డొక్కు సెట్టులో కాబట్టి పోలేరయ్య గొంతు అయింది. ఇందులో ఒక్క ముక్క వింటే చాలు, నాయనదని నమ్మి వినే నీకు తప్ప అందరికీ తెలిసిపోతాది. పెట్టె బాగలేక కాదురా నేను తిట్టేది. బాగుండాదని తిడతా ఉండా."

"అమ్మా."

"ఏంది. ఇప్పుడైనా ఆ క్యాసెట్ ఇటియ్యి. పొయ్యిలో వేస్తా."

"వేసి లాభం లేదు. 'నోటి మాట' దాకా కోసి పొద్దున్నే ఊరి గ్రూపులో పెట్టేసినా."

"గ్రూపంటే?"

"వాట్సాప్. పెద్దలందరూ ఉండారు, కుర్రోళ్ళందరూ ఉండారు. 'మా నాయన గొంతు, రేపటికి ముందే వినండి' అని రాసి మరీ పెట్టినా."

"చంపినావురా."

"తీసేస్తా. ఇదో, తీసేస్తా ఉండా. తీసేసినా."

"పోయిందా?"

"గ్రూపులో పోయింది. దించుకున్నోళ్ళ ఫోన్లలో ఉంటాది."

"ఎవురది, మోగతా ఉండాది?"

"చెంగయ్య పెద్దయ్య."

"ఎత్తబాకు."

"ఎత్తకపోతే కర్ర పట్టుకోని ఇంటికే వస్తాడు. చెప్పండి పెద్దయ్యా."

"స్పీకరు పెట్టరా. మీయమ్మ పక్కనుందా?"

"ఉండాది. పెట్టినా పెద్దయ్యా."

"ఆదిశేషమ్మా, ఆ ఇంట్లో వీడికి బుద్ధి చెప్పేవాళ్ళే లేరా?"

"పెద్దయ్యా, వాడికేం తెలియదు. తప్పంతా నాది. మాల్యాద్రిని ఏమీ అనబాకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువుగాని. ముఖేష్, నీ ఆడియో నా మనవడు పెద్ద స్పీకర్లో పెట్టినాడు. మాల్యాద్రి నా అరుగు మీద కూర్చోని మాట్లాడినట్టుంది. నోటికి ఏదో గుడ్డ తగిలేది కూడా వినపడింది. ఎంత బాగా తీసినావురా, ముదనష్టపోడా."

"పెద్దయ్యా, నాకూ ఇప్పుడే తెలిసింది."

"నాకు ఆ దినమే తెలిసింది."

"ఏ దినం?"

"నా ఇంట్లో, నా సెట్టులో ఆ క్యాసెట్ వేసిన దినం. మొదటి ముక్కకే తెలిసింది. నాకొక్కడికే కాదు, కూర్చున్న పెద్దలందరికీ తెలిసింది. పోలేరయ్యతో ఒక పడవలో పెరిగినోళ్ళం. వాడి గొంతు మాకు తెలియదా? ఎవురమూ తల ఎత్తలేదు. మీయమ్మ గుంజకు ఆనుకోని నిలబడుండాది, నువ్వు ఆమె భుజం మీద నిద్రపోతా ఉండావు. 'సెట్టు బాగలేదు, గొంతు సరిగ్గా పలకడం లేదు, అయినా పోలేరయ్యే గదా' అని పైకి అన్నోణ్ణి నేను. అందరూ అవునవును, సెట్టు బాగలేదు అన్నారు. ఆ సెట్టుకు ఏ రోగమూ లేదురా. గంట కొట్టినట్టు పలికేది. దాని మీద నింద వేసి మీ వంతు నిలబెట్టినాం."

"పెద్దయ్యా, మీకు తెలిసి కూడా ఇన్నేళ్ళు నన్ను ఈ బొట్టుతో..."

"నీ బొట్టు చూసినప్పుడల్లా తల దించుకోని పోయినామమ్మా. ఇంకేం చేసేది? ఇప్పుడు ఆ సంగతి కాదు. ఆ సెట్టు లేదు. ఆ దినం కూర్చున్నోళ్ళలో మిగిలింది నేనూ ఇంకొకరో ఇద్దరో. గ్రూపులో కుర్రోళ్ళు అప్పుడే మొదలుపెట్టినారంట, 'ఇది మాల్యాద్రి మామ గొంతు మాదిరుందే, వెనక రైలేంది' అని. నేను చెప్తే నమ్మరు. ముసలోడికి ఫోన్ల సంగతేం తెలుసు అంటారు. పెట్టె కొన్నోడివి నువ్వు. రేపటి దాకా ఆగబాకు, ఇప్పుడే చెప్పు. నీ వంతుకు దారి నేను చూస్తా."

"ఏమని చెప్పేది పెద్దయ్యా?"

"అప్పుడు నేనేం చెప్పినానో ఇప్పుడే గదా విన్నావు. పెట్టేస్తా ఉండా."

"అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇయ్యి."

"ఏం చెయ్యబోతా ఉండావు?"

"ఊరుకో. రికార్డు నొక్కినా. 'అన్నలకు, పెద్దలకు దండం. నేను ముఖేష్‌ను. పొద్దున నేను పెట్టిన ఆడియో ఎవురూ లెక్కలోకి తీసుకోబాకండి. చౌకగా వచ్చిందని చెన్నైలో ఒక పెట్టె కొని మోసపోయినా. లేని రైలు పలుకుతా ఉండాది. ఒకరి గొంతును ఇంకొకరి గొంతు చేసేస్తా ఉండాది. మా నాయన గొంతు ఎట్టుంటాదో నాకంటే ఎవురికి తెలుసు, ఇన్నేళ్ళు ఆ గొంతు విని పెరిగినోణ్ణి. మాల్యాద్రి మామ మీద నాకు ఏ పేచీ లేదు. రేవులో నేనన్న మాట తప్పు. మా అమ్మ పొద్దుటినుంచి చెప్తానే ఉండాది, నేనే వినలేదు. పెట్టె బాగలేదు.'"